పక్క పుటలో ముత్యాలమ్మలు

నిర్వాసితుల జాడ కేంద్రంలో వ్యాఖ్యల యథార్థతా పక్షోత్సవాలు జరిగినప్పుడు నేను అక్కడ రోజుకూలీ మీద పాఠకురాలిగా ఉన్నాను. పక్షమంటే పదిహేను రోజులే. ఇవి ఏడు నెలలు జరిగాయి. ఆ ఏడు నెలల్లో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ పనికి ఎగనామం పెట్టలేదు. అరవై తొమ్మిదిమంది ఆడవాళ్ళు మాత్రం కనిపించకుండా పోయారు.

ముందు కేంద్రం సంగతి చెప్పాలి. జలాశయం నిండినప్పుడు ముప్ఫై ఊళ్ళు మునిగాయి. జనాన్ని లారీలెక్కించి తలో కాలనీకి పంపారు. కొన్ని కాలనీలకు తర్వాత కాలవ అడ్డొచ్చిందని, వాటినీ లేపి ఇంకెక్కడికో పంపారు. ఎవరు ఎక్కడ తేలారో చెప్పడానికి ప్రభుత్వం ఈ కేంద్రం పెట్టింది. కౌంటరు దగ్గర పేరు చెబితే కంప్యూటరు వెతికి ఫొటో, కాలనీ పేరు చూపిస్తుంది. అంతకుముందు అది మార్కెట్ యార్డులో మిరపకాయల గోదాము. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ కళ్ళు నీళ్ళు తిరిగేవి. ఎవరు మనసు కష్టపెట్టుకుని ఏడుస్తున్నారో, ఎవరు ఘాటుకు ఏడుస్తున్నారో పోల్చుకోవడం కష్టంగా ఉండేది.

ఒకరోజు సంయుక్త కార్యదర్శిగారు తనిఖీకి వచ్చారు. ఆయనకు కంప్యూటరు గురించి తెలియదు. అందుకని చాలా శ్రద్ధగా చూశారు. ప్రోగ్రాములు రాసే అమ్మాయి రజియా వెనకాల నిలబడి తెర మీద ఒక వరుస చదివారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ‘ఇది తాత్కాలికం. వచ్చే వారం సరిచేస్తాను. సుబ్బు.’

“వచ్చే వారమంటే ఏ వారం?” అన్నారాయన.

“అది రాసి ఎనిమిదేళ్ళయిందండీ,” అంది రజియా.

“ఈ సుబ్బు ఎవరు?”

“నాకు ముందు పనిచేసినాయనండీ. మానేసి వెళ్ళిపోయారు.”

“అయితే ఇది కంప్యూటరు చెబుతున్న అబద్ధమన్నమాట.”

“కంప్యూటరు దీన్ని చదవదండీ. ఇది వ్యాఖ్య. తర్వాత వచ్చే మనుషులకు అర్థమవడానికి పక్కన రాసిపెడతారు. పని చేసేది కింద ఉన్న కోడు.”

“చదవనిదాన్ని కూడా మోస్తోందా!” అని కార్యదర్శిగారు డైరెక్టరు మార్కండేయులుగారి వైపు చూశారు. మార్కండేయులుగారు నేల వైపు చూశారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. ‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, కేంద్రపు కోడునందలి ప్రతి వ్యాఖ్యయు తన దిగువనున్న పనితో అక్షరాలా సరిపోవలెను. సరిపోనిచో సరిపోవునట్లు చేయవలెను.’ చివరి వాక్యంలో దేన్ని దేనికి సరిపోయేట్టు చేయాలో రాయలేదు. ఆ ఖాళీలోనే మా ఏడు నెలలూ పట్టాయి.

గేటుకు తోరణాలు కట్టారు. రోజూ పది గంటలకు అందరం వరండాలో నిలబడి కుడిచెయ్యి చాపి ప్రమాణం చేసేవాళ్ళం: ‘చేసినదే రాస్తాను, రాసినదే చేస్తాను, రాయనిది చేయను.’ ఆఖరి ముక్క సిబ్బందికి బాగా నచ్చింది. ఫ్యాను స్విచ్చు పక్కన ఏమీ రాసిలేదని రెండు రోజులు ఎవరూ ఫ్యాను వేయలేదు.

ముందుగా తలుపు దొరికింది. దాని మీద బయటివైపు ‘తోయుము’ అని బోర్డు ఉంది. తలుపు మాత్రం లాగితేగానీ వచ్చేది కాదు. బోర్డు మార్చేస్తే పోతుందని నేనన్నాను. మార్కండేయులుగారు నవ్వి, “పెద్దమ్మగారూ, బోర్డు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. తలుపు మీద ఉందా?” అన్నారు. వడ్రంగిని పిలిపించి తలుపును తిప్పి బిగించారు. అప్పటినుంచి అలవాటున్న వాళ్ళందరం దాన్ని లాగి, తాళం వేశారనుకుని, గోదాము చుట్టూ తిరిగి వెనక షట్టరులోంచి వచ్చేవాళ్ళం.

నన్ను ఎందుకు తీసుకున్నారంటే, సుబ్బు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన తెలుగంతా తెలుగు అక్షరాల్లోకి మార్చాలి, తర్వాత ఒక్కొక్కటీ చదివి సరిచూడాలి. చదవడానికి నిష్పాక్షికమైన మనిషి కావాలన్నారు. కంప్యూటరు గురించి ఏమీ తెలియని మనిషికంటే నిష్పాక్షికమైనవాళ్ళు ఎవరుంటారు? నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అచ్చాఫీసులో ఫారాలు మడతపెట్టే పనిలో చేరి, మడతపెడుతూ మడతపెడుతూ అక్షరాలు పట్టుకున్నాను. ఫారానికి పదహారు పేజీలు. అందుకని నాకు చాలా పుస్తకాల్లో పదిహేడో పేజీనుంచి ముప్ఫైరెండో పేజీ దాకా క్షుణ్ణంగా తెలుసు. ఆ మనుషులు చివరికి ఏమయ్యారో తెలియదు. ఆ బెంగ అలాగే ఉండిపోయింది.

రజియా పైకి చదివేది, నేను రాసుకునేదాన్ని.

“రాసుకోండి వరహాలమ్మగారూ. ‘ఇక్కడ చెయ్యి పెట్టొద్దు. పెడితే నా పూచీ లేదు.’”

“ఎందుకు పెట్టొద్దన్నాడు?”

“చెప్పలేదు.”

“చెప్పకుండా ఎలా వెళ్ళిపోయాడమ్మా?”

“అందరూ అలాగే వెళతారు కదండీ.”

అది నిజమే. మా ఆయన ‘ఇప్పుడే వస్తా’ అని గుమ్మం దిగాడు. ఆ వ్యాఖ్యకూ వాస్తవానికీ పొంతన ఇంకా కుదరలేదు.

మేం రాసిందంతా భాషా సమీక్షా సంఘానికి వెళ్ళేది. సుబ్బు మాట అక్కణ్ణుంచి ‘ఈ స్థలమున హస్తప్రవేశము నిషిద్ధము. తదుల్లంఘనమునకు కేంద్రము బాధ్యత వహింపజాలదు’ అయి తిరిగివచ్చేది. దానికి ముద్ర వేసేవారు. తర్వాత యథార్థతా సంఘం కూర్చుని అది నిజమా కాదా విచారించేది.

ఒక వ్యాఖ్య ఇలా ఉంది: ‘మిగతాది రేపు. అయిదున్నర బస్సుకు టైమైంది.’ మార్కండేయులుగారు బస్టాండుకు లేఖ రాసి, ఎనిమిదేళ్ళ కిందటి ఆ తేదీన అయిదున్నర బస్సు ఎన్నింటికి బయల్దేరిందో తెలియజేయమన్నారు. బస్టాండువాళ్ళు రికార్డు వెతికి జవాబిచ్చారు: ‘ఆనాడు సదరు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. ఆనాడేగాక సదరు బస్సు ప్రతిరోజూ నలభై నిమిషాలు ఆలస్యం.’ టైమవకుండానే టైమైందని రాసినందుకు సుబ్బు మీద ఒక అసత్యం నమోదయింది. బస్సు లేఖను ధ్రువీకరించి ఫైల్లో పెట్టారు.

‘ఎందుకో తెలియదుగానీ ఇలా చేస్తే పనిచేస్తోంది’ అన్న వ్యాఖ్యకు మాత్రం ప్రథమ బహుమతి వచ్చింది. విచారణలో అది పూర్తిగా నిజమని తేలింది. ఎవరికీ తెలియదు, పనిచేస్తోంది.

ఇంతవరకూ నాకూ సరదాగానే ఉంది. నాగరత్నం విషయంలోనే భయం పట్టుకుంది.

నాగరత్నం ప్రతి మంగళవారం వచ్చేది. అరవై దాటిన మనిషి. రెండు బస్సులు మారి వచ్చి, కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని, వాళ్ళ అక్క ముత్యాలమ్మ కోసం వెతికించుకునేది. మునిగిన ఊళ్ళన్నిటికీ ముత్యాలమ్మే అమ్మవారు. ఇంటికొక ఆడపిల్లకైనా ఆ పేరుండేది. కంప్యూటర్లో ముత్యాలమ్మలు రెండు వందల పదమూడుమంది వచ్చారు. ఊరి పేరుతో ఏరుకోవచ్చు కదా అంటే, మునిగిన ఊళ్ళన్నిటికీ ఆ గడిలో ‘లేదు’ అని నింపారు. భర్త పేరుతో ఏరుకుందామంటే అక్క భర్త పోయాడు, ఆ గడిలోనూ ‘లేరు’ అనే ఉంటుంది. ఇక ఫొటోలు చూసి గుర్తుపట్టడమే. ఒక విడతకు పన్నెండు ఫొటోలకంటే చూపించకూడదని నిబంధన. ఎక్కువ చూస్తే మొహాలు కలిసిపోయి, పరాయివాళ్ళని సొంతం చేసుకుంటారట.

పదకొండు మంగళవారాలు, నూట ముప్ఫైరెండుమంది ముత్యాలమ్మలు. ప్రతి ఫొటో దగ్గరా నాగరత్నం ముందుకు వంగేది. “కాదు బాబూ. పాపం, ఈవిడకోసం కూడా ఎవరైనా వస్తున్నారా?” అని అడిగేది.

“నాకేం తెలుసమ్మా,” అనేవాడు కౌంటరు గుమాస్తా కామేశం. “తర్వాతి ముత్యాలమ్మని చూడు.”

పని అయ్యాక నా బల్ల పక్కన కూర్చుని టీ తాగేది. లారీ కథ నాకు అప్పుడే చెప్పింది. “ఊరి బయట రెండు లారీలు పెట్టారు వదినగారూ. నేను ముందు లారీ ఎక్కా. పొత్రం నా ఒళ్ళో పెట్టి, అక్క రుబ్బురోలు దొర్లించుకుంటా వస్తోంది. ఇంతలో వాడెవడో ‘ఈ లారీ నిండింది, మిగతావాళ్ళు వెనక లారీ’ అని తలుపు వేసేశాడు. అక్క ‘పోనీలేవే, వెనకాలే వస్తున్నాగా’ అంది. ఆ లారీ ఎటు తిరిగిందో ఏమో. పద్నాలుగేళ్ళయింది. పొత్రం నా దగ్గరే ఉంది. రోలు లేకుండా దాంతో ఏం రుబ్బుకోను?”

టీ గ్లాసు కడిగి బోర్లించి, “వచ్చే మంగళారం వస్తా,” అనేది. నేను బస్సెక్కేదాకా కిటికీలోంచి చూసేదాన్ని. ఎవరు ‘వస్తా’ అన్నా నాకు గుండె దడే.

ఆ వారమే యథార్థతా సంఘం వెతుకులాట కోడు దగ్గరికి వచ్చింది. దాని నెత్తిన సుబ్బు మొదటిరోజు రాసిన వ్యాఖ్య, ఇప్పటి ముద్రిత రూపంలో: ‘ఒక నామధేయము గలవారందరును ఒకే పుటయందు ఉందురు.’

“ఇది సరికాదండీ,” అంది రజియా.

“వివరించండి,” అన్నారు మార్కండేయులుగారు.

“కంప్యూటరు పేర్లను అకారాది వరసలో పుటల్లో పెడుతుందండీ. ఒక్కో పుటలో నూట నలభై నాలుగు పేర్లు పడతాయి. నిండితే మిగతావాళ్ళని పక్క పుటలోకి పంపుతుంది. మొదట్లో జనం తక్కువ కాబట్టి ఒక పేరువాళ్ళంతా ఒక పుటలోనే ఉండేవారు, సుబ్బుగారు అలా రాశారు. తర్వాత ముత్యాలమ్మలు పెరిగారు, పుట చాలలేదు. అప్పుడాయన ‘పక్క పుట కూడా చూడు’ అని నాలుగు వరుసల కోడు చేర్చారు. వ్యాఖ్య మార్చడం మర్చిపోయారు. దాన్ని మారిస్తే సరిపోతుంది.”

కామేశం తుమ్మాడు.

“వ్యాఖ్య ఎప్పుడు రాశారు?” అన్నారు మార్కండేయులుగారు.

“పదమూడేళ్ళ కిందటండీ.”

“ఆ నాలుగు వరుసలు?”

“తొమ్మిదేళ్ళయిందండీ.”

“అంటే వ్యాఖ్య సీనియరు.” ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “నాలుగేళ్ళ సీనియారిటీ ఉన్న వ్యాఖ్యను, ముద్ర కూడా పడినదాన్ని, నిన్నగాక మొన్న చేరిన నాలుగు వరుసల కోసం సవరించమంటారా? అటువంటి సంప్రదాయానికి మనం తెరతీసే ప్రశ్నే ఉత్పన్నం కాదు. జూనియరే సీనియరుకు అనుగుణంగా నడుచుకోవాలి.”

“మనుషులు కనిపించరండీ!”

“మీ ఆక్షేపణను వ్యాఖ్యగా సమర్పించండి. యథార్థమని రుజువైతే ముద్ర వేయిద్దాం.”

రజియా ఆ నాలుగు వరుసలూ తీసేసింది. తీసేముందు ఒక కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. “ఇక్కడ ఏది ఎప్పుడు తుడిచేస్తారో తెలియదు. దాచండి వరహాలమ్మగారూ.” నేను కళ్ళజోడు పెట్టెలో, కళ్ళజోడు కింద దాచాను. ఆ తర్వాత గంటకోసారి పెట్టె తెరిచి చూసుకునేదాన్ని. మా ఇంటి తాళం కూడా నేను అన్నిసార్లు చూసుకోను.

పన్నెండో మంగళవారం నాగరత్నం వచ్చింది, మరో పన్నెండుమందిని చూసి వెళ్ళింది. పదమూడో మంగళవారం వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“ముత్యాలమ్మలు అయిపోయారమ్మా,” అన్నాడు కామేశం.

“అయిపోవడమేంటి బాబూ? రెండు వందల పదమూడుమందన్నావు. నేను నూట నలభై నాలుగు చూశా.”

“మొత్తం నూట నలభై నాలుగే. ఇదిగో, తెర మీద చూడు.”

“మిగతా అరవై తొమ్మిదిమందీ ఏరి?”

కామేశం మంచివాడే. రెండుసార్లు మళ్ళీ వెతికాడు. తర్వాత తనకు నేర్పిన ముక్క గొంతు తగ్గించి అప్పజెప్పాడు: “అది పాత సంఖ్యమ్మా. ఇది యథార్థ సంఖ్య.”

“మా అక్క యథార్థం కాదా బాబూ?”

కామేశం మిరపకాయల ఘాటని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

నాగరత్నం నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ రోజు టీ తాగలేదు. “మాట చెప్పు వదినగారూ. ఉందా, పోయిందా? పోయిందంటే స్నానం చేసుకుని ఊరుకుంటా.”

“ఉంది. పక్క పుటలో ఉంది,” అన్నాను. ఆ మాట ఆవిడకు ఏం అర్థమవుతుంది? నేనే ఒక అర్జీ రాసి, ఆవిడచేత వేలిముద్ర వేయించి, డైరెక్టరుగారి గదిలోకి తీసుకెళ్ళాను. రజియాను కూడా లాక్కెళ్ళాను.

మార్కండేయులుగారు అర్జీ రెండుసార్లు చదివారు. “పక్క పుటలో మనుషులున్నారా?”

“ఉన్నారండీ,” అంది రజియా. “వెతికితే కనిపించరుగానీ ఉన్నారు.”

“వ్యాఖ్య ప్రకారం ఉండకూడదు కదా?”

“ఉండకూడదండీ.”

“కోడు సవరించేశాం. వ్యాఖ్య సరిగా ఉంది. అయినా వ్యత్యాసం మిగిలిందంటే,” ఆయన వేలితో బల్ల మీద కొట్టారు, “ఇక మిగిలినది ఆ మనుషులే. వాళ్ళే వ్యాఖ్యకు విరుద్ధంగా ఉన్నారు.”

నేను ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. నాకు కోపంకంటే ముందు నిబంధనే గుర్తొచ్చింది. “మరి సంజాయిషీ అడగకుండా మనుషుల్ని తప్పుపట్టడం నిబంధనలకు విరుద్ధం కదండీ? వాళ్ళకు నోటీసు ఇవ్వద్దూ?”

మార్కండేయులుగారి మొహం వెలిగింది. “ఇవ్వాలి! సహజ న్యాయసూత్రం! కానీ వెతికితే కనిపించనివాళ్ళకు నోటీసు ఎలా వెళుతుంది?”

రజియా నా వైపు చూడలేదు. చాలా మామూలుగా, గోరు చూసుకుంటూ చెప్పింది: “నోటీసులు అచ్చువేసేటప్పుడు వెతకడం ఉండదండీ. మొదటి పుటనుంచి చివరి పుటదాకా వరసగా తిరగేస్తుంది. అందరూ వస్తారు.”

“అయితే పంపండి. స్వయంగా హాజరవమనండి.”

నోటీసు నేనే సాఫు రాశాను: ‘ముత్యాలమ్మ అను తాము, ఒక నామధేయము గలవారందరును ఒకే పుటయందు ఉండవలసియుండగా, పక్క పుటయందు ఎందుకు ఉంటిరో మంగళవారమునాడు ఉదయం పది గంటలకు స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’ అరవై తొమ్మిది కవర్లు నేనే అంటించాను. ప్రతి కవరునూ రెండుసార్లు నొక్కాను.

ఆ మంగళవారం మార్కెట్ యార్డు తిరణాలలా ఉంది. నాలుగు కవర్లు తిరిగివచ్చాయి. ఇద్దరు నడవలేమని, ఫొటోలిచ్చి కొడుకుల్ని పంపారు. మిగతావాళ్ళు ఆటోల్లో, బస్సుల్లో, కొడుకుల మోటారుసైకిళ్ళ మీద, సద్దిమూటలతో సహా దిగారు. ప్రభుత్వం పిలిచిందంటే ఇల్లిస్తారేమోనని కొందరు, ఉన్న ఇల్లు తీసుకుంటారేమోనని కొందరు.

కామేశం వరండాలోకి వచ్చి గట్టిగా పిలిచాడు. “ముత్యాలమ్మా!”

వరండాలో అందరూ లేచారు.

“అందరూ కాదు! ఒక్కరే!”

అందరూ కూర్చున్నారు.

“ముత్యాలమ్మా!”

మళ్ళీ అందరూ లేచారు. “ఏ ముత్యాలమ్మో చెప్పవయ్యా, మోకాళ్ళు పోతున్నాయి,” అంది ఒకావిడ. ఆ మాట చెప్పగలిగితే మాకీ గొడవంతా ఎందుకు?

నాగరత్నం ఎనిమిదింటికే వచ్చింది. ఒక్కో మొహం దగ్గరా వంగి చూస్తూ వరండా ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పినప్పుడు మరోసారి చూసింది. అరవై రెండుమంది, రెండు ఫొటోలు. అక్క లేదు.

సాయంత్రం సంజాయిషీలు రాస్తున్న నా దగ్గరికి వచ్చింది. “అయిందిగా వదినగారూ. అయిదున్నర బస్సుకు పోతా. ఇంక రాను.”

‘వస్తా’ అంటేనే దడ. ‘రాను’ అంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తిరిగొచ్చిన నాలుగు కవర్లూ కళ్ళముందు ఆడాయి. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, వదిలేశాను. ఆవిడ వెళ్ళిపోయింది.

అయిదున్నర దాటాక వెనక షట్టరు వైపునుంచి ఒక ముసలావిడ చేతిలో నోటీసుతో డైరెక్టరుగారి గదిలోకి వచ్చింది. రొప్పుతోంది.

“ఎవరమ్మా? ఇటునుంచి ఎలా వచ్చావు?” అన్నారు మార్కండేయులుగారు.

“పొద్దున వచ్చా బాబూ. ముందు తలుపు ఎంత లాగినా రాలేదు. తాళమేశారనుకుని వెనకాల నీడన కూర్చున్నా. ఎవరూ పిలవలేదు. ఇందాక షట్టరు ఎత్తితే దూరా.”

“పేరు?”

“ముత్యాలమ్మ.”

“రాసుకోండి పెద్దమ్మగారూ. ఏమ్మా, నువ్వు పక్క పుటలో ఎందుకున్నావు?”

“పుటలూ గిటలూ నాకేం తెలుసు బాబూ. ముందు లారీ నిండిందన్నారు, వెనక లారీ ఎక్కా. దింపినచోట దిగా. మళ్ళీ లేపారు, మళ్ళీ ఎక్కా. నేను చేసింది అదే.”

“వివరణ క్లుప్తంగా ఉంది. నీతోపాటు ఇంకేమైనా తరలించావా?”

“రుబ్బురోలు. పొత్రం నా చెల్లెలి లారీలో పోయింది. పద్నాలుగేళ్ళబట్టి ఆ రోలు బోర్లించి దానిమీద కూచుంటున్నా.”

నా చేతిలో కలం ఆగింది. లేచాను.

“పెద్దమ్మగారూ! వాంగ్మూలం మధ్యలో లేవడం...”

వినలేదు. వరండాలోంచి ముందు తలుపు దగ్గరికి పరిగెత్తి దాన్ని తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. “లోపలినుంచి లాగాలి వరహాలమ్మగారూ, లాగండి!” అని వెనకాల రజియా అరిచింది. లాగాను. రోడ్డు మీద పడ్డాను.

గడియారం చూస్తే ఆరు కావస్తోంది. ఎప్పుడూ కీడే ఊహించుకునే నా మనసు ఆ ఒక్కసారి నిబ్బరంగా ఉంది. ఆ బస్సు ప్రతిరోజూ నలభై నిమిషాలు ఆలస్యం. దానికి మా దగ్గర ముద్ర వేసిన ధ్రువీకరణ ఉంది.

నాగరత్నం బస్టాపులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇద్దరూ డైరెక్టరుగారి గదిలో ఎదురుపడ్డారు. కావలించుకుంటారనీ, ఏడుస్తారనీ నేను కొంగు సిద్ధం చేసుకున్నాను. అక్క చెల్లెల్ని కిందినుంచి పైదాకా చూసి, “వెనకాలే వస్తున్నానన్నా కదే. ఆగొచ్చుగా,” అంది.

“లారీ ఆపనిచ్చారా?” అంది నాగరత్నం. “ఎంతసేపు చేశావే అక్కా.”

“పొత్రం ఉందా?”

“ఉంది.”

“అయితే రోలు నీ దగ్గరికి తేవాలా, పొత్రం నా దగ్గరికి తెస్తావా?”

ఇటువంటి విషయాల్లో మార్కండేయులుగారికి అనుభవం ఉంది. ఆయన కల్పించుకున్నారు. “రెండిట్లో సీనియరు ఏది? జూనియరే సీనియరు దగ్గరికి వెళ్ళాలి.”

ముత్యాలమ్మ ఆయన్ని చాలా జాలిగా చూసింది. “ఒకచోట లేకపోతే రెండూ ఉత్త రాళ్ళే బాబూ,” అంది.

మార్కండేయులుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన గదికి ఘాటు అంతగా రాదు. తర్వాత ఉత్తర్వు చెప్పారు, నేను రాశాను: ‘ముత్యాలమ్మ సంజాయిషీ సంతృప్తికరము. వ్యత్యాసము వ్యక్తుల వలనగాక లారీల వలన ఏర్పడినదని నిర్ధారణమైనది. తొలగించిన నాలుగు వరుసలు దొరికినచో పునరుద్ధరింపవచ్చును.’

“అవి దొరకడం కష్టమనుకుంటా,” అన్నారు.

నేను కళ్ళజోడు పెట్టె తెరిచాను.

పైకి వెళ్ళిన నివేదికలో, పక్షోత్సవాల ఫలితంగా అరవై అయిదుమంది జాడ తెలిసిందని రాశారు. మా కేంద్రానికి జ్ఞాపిక వచ్చింది. ఆ నాలుగు వరుసల నెత్తిన కొత్త వ్యాఖ్య నన్నే రాయమన్నారు. ‘పుట నిండితే మిగతావాళ్ళు పక్క పుటలో ఉంటారు. అక్కడా చూడండి. వరహాలమ్మ’ అని రాశాను. దాన్ని సమీక్షా సంఘానికి పంపడం రజియా మర్చిపోయింది. నేను గుర్తుచేయలేదు. తలుపు మాత్రం ఇప్పటికీ తొయ్యాలి.

ఆ తర్వాతి మంగళవారం కామేశం అలవాటుకొద్దీ కౌంటరు ముందు స్టూలు వేసిపెట్టాడు. నాగరత్నం రాలేదు. నేను టీ పెట్టుకుని ఒక్కదాన్నే తాగాను. రావలసిన మనిషి రాకపోయినా స్థిమితంగా కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.